గాట్లు పెట్టని గోడ

నా రాతబల్ల మీద, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్న గోడ పెచ్చు ఒకటుంది. అరచేతిలో పట్టేంత సిమెంటు ముక్క. ఒకవైపు గరుకుగా, మామూలుగా ఉంటుంది. తిప్పి చూస్తే రెండోవైపు కంచంలా నున్నగా ఉంటుంది, అంచున ఆకుపచ్చ రంగు పొర సన్నగా అంటుకుని. మొన్న నన్ను చూడ్డానికి వచ్చిన, ఒకప్పుడు నాతో బడిలో పనిచేసిన టీచరమ్మ ఒకావిడ దాన్ని ఏ కోట నుంచో తెచ్చుకున్న రాయి అనుకుంది. కోటా లేదు గీటా లేదు, ఆళ్లగడ్డలో మా ఇంటి గోడది అన్నాను. ఆవిడ మర్యాదకు తలూపి కాఫీ తాగింది. నంద్యాలలో నేనూ అమ్మా ఉంటున్న ఈ ఇంట్లో దాని విలువ తెలిసింది మా ఇద్దరికే.

అమ్మ గురించి ఒక మాట ముందే చెప్పాలి. ఆమె గోడకు ఆనుకుని కూర్చోదు. ఎనభై దాటిన మనిషి, నడుము నొప్పికి రోజూ నూనె రాయించుకునే మనిషి, గది మధ్యలో చాప వేసుకుని నిటారుగా కూర్చుంటుంది. కుర్చీ వేస్తే అంచున కూర్చుంటుంది. బస్సులో సీటుకు కూడా వీపు ఆనించదు. పాతకాలపు మనిషి, అదొక క్రమశిక్షణ అనుకునేదాన్ని. బడిలో వంగి కూర్చునే ఆడపిల్లలకు మా అమ్మను చూసి నేర్చుకోండని చెప్పిన రోజులు కూడా ఉన్నాయి. దేనికి మురిసిపోతున్నానో నాకే తెలియదు.

మాది రంగుల అంగడి. ఆళ్లగడ్డ బజారులో మా పెదనాయన, నాయన కలిసి నడిపేవాళ్లు. మేకులు, గొలుసులు, మోకులు కూడా ఉండేవి గానీ ఊళ్లో అందరికీ అది రంగులంగడే. మగవాళ్లు ఇంట్లోకి వస్తుంటే వాళ్లకంటే ముందు టర్పెంటైన్ వాసన వచ్చేది. ఇల్లు మాత్రం చాలాకాలం సున్నపు ఇల్లే. ఉగాది దగ్గర పడుతుంటే మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, పెరట్లో మట్టితొట్టిలో సున్నపురాళ్లు పోయించి నీళ్లు పోసేది. అది కుతకుత ఉడికి, ఆవిర్లు లేచి, ముక్కు మండించే వాసన వీధి దాకా పోయేది. ఆ వాసన తగిలితే మాకు సెలవు వచ్చినట్టే. సామాన్లన్నీ పెరట్లో, మంచాలన్నీ వాకిట్లో, అన్నం ఎక్కడ పెడితే అక్కడ.

నడిమింట్లో పడమటి గోడకు ఒక దీపపు గూడు ఉండేది. దాని పైన మా ఇంటి దేవుడు. విగ్రహం కాదు, పటం కాదు. మూరెడు చోటున పసుపు పూసి, దాని మీద సున్నంతో రెండు, కుంకుమతో ఒకటి, మూడు నామాలు. అంతే. ఏటా సున్నం కొట్టే ముందు ఆయన్ను గోడ మీది నుంచి దించాలి. జేజి స్నానం చేసి వచ్చి, ఆ నామాల మీద తడి పసుపు మళ్లీ పూసేది. కాసేపు ఆగి, మొత్తం గుడ్డతో తుడిచి, ఆ పసుపును ముద్ద చేసేది. బియ్యం కొలిచే శేరును నిండుగా నింపి, ముద్దను బియ్యంలో కూర్చోబెట్టేది. "లేచి రా సామీ, ఇల్లు శుభ్రం చేసుకోవాల" అని చుట్టానికి చెప్పినట్టే చెప్పేది. సున్నం బాగా ఆరాక మళ్లీ గోడ మీద పసుపు పూసి నామాలు పెట్టి, అదే బియ్యంతో పరమాన్నం వండేది.

మధ్యలో ఉన్న ఆ రోజులే మాకు పండుగ. దేవుడు శేరులో ఉన్నాడు కాబట్టి ఆ గోడ ఉత్త గోడ. మిగతా ఏడాదంతా దాని దగ్గర కాళ్లు చాపితే తొడపాశం తప్పదు. ఆ రోజుల్లో మాత్రం దానికి బంతి వేసి కొట్టేవాళ్లం. జేజి మమ్మల్ని చూసి, "తన్నుకోండి, తన్నుకోండి. సామి ఇంట్లో ల్యా" అని నవ్వేది. మా అమ్మ అప్పుడు చిన్నకోడలు. పొద్దున లేచింది మొదలు నడుము వాల్చే వీలుండేది కాదు. జేజి ఆమెను పిలిచి, "రావే లక్ష్మీ, కాసేపు ఆనుకో. మళ్ల సామి ఎక్కితే ఆనుకోనీకి ఉండదు" అనేది. అమ్మ ఆ చల్లటి గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకునేది. ఈ బొమ్మ నా బుర్రలో ఎక్కడో అడుగున పడిపోయింది. మొన్నటిదాకా పైకి రాలేదు.

ఒక ఏడు మా పెదనాయనకు బుద్ధి పుట్టింది. రంగులమ్మే వాళ్లింట్లో సున్నం ఏందని నడిమింటికి నాలుగు గోడలకూ ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ వేయించాడు. అంగళ్లకు బోర్డులు రాసేవాణ్ణి పిలిచి, దేవుడి నామాలు కూడా ఎనామెల్ రంగులతో రాయించాడు. పసుపు, తెలుపు, ఎరుపు. దీపం పెడితే గోడలో ఇంకో దీపం కనపడేంత మెరుపు. చూడ్డానికి వచ్చినవాళ్లు అటునుంచి అటే అంగడికి పోయి డబ్బా కొనుక్కున్నారు. మరుసటి ఉగాదికి జేజి అలవాటు కొద్దీ గుడ్డ తడిపి తుడిచి చూసింది. గుడ్డకు ఏమీ అంటలేదు. "రంగులో ఇరుక్కున్యాడు మీ సామి. ఇంక యాడికీ రాడు" అని శేరు తీసుకుపోయి వంటింట్లో పెట్టేసింది. అందరం నవ్వాం.

తర్వాత కొన్నేళ్లకు మా అత్త పెళ్లి కుదిరింది. అప్పటికి సిమెంటు మోజు. నడిమింటికి సిమెంటు పూయించాలని పెదనాయన పట్టు పట్టాడు. ఆయిల్ పెయింట్ వేసిన గోడకు అలాగే సిమెంటు పూస్తే పట్టదని ఆళ్లగడ్డలో అందరికంటే బాగా తెలిసినవాడు మా పెదనాయనే. అంగడికి వచ్చిన ప్రతివాడికీ, "అప్పా, ముందు రంగు గీకు, గాట్లు పెట్టు, నీళ్లు పట్టు. అది చేయకుంటే నీ దుడ్లు గోడకు కొట్టినట్లే" అని చెప్పి తీగ బ్రష్షు కూడా అంటగట్టేవాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడినట్టు, మా ఇంటికొచ్చేసరికి మూడు గోడలకే గాట్లు పడ్డాయి. నాలుగో దాని మీద దేవుడున్నాడు. తుడిస్తే పోడు, శేరులోకి దిగడు. ఆయన ముఖాన ఉలి పెట్టించేదెవరు? గోడలు పూసే బేల్దారి పెట్టనన్నాడు, పెదనాయన పెట్టమనలేదు. నూనె మెరుపు మీదే సిమెంటు పూసి, దాని మీద పసుపుతో కొత్త నామాలు పెట్టారు. ఆడవాళ్లంతా పెరట్లో పెళ్లి వంటల్లో ఉన్నారు. గోడల సంగతి మగవాళ్లది.

పెళ్లి బాగానే జరిగింది. ఆ తర్వాత వానలు పడుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం అమ్మ గూట్లో దీపం పెడుతోంది. నేను పక్కనే కూర్చుని ఎక్కాలు చదువుతున్నాను. చిన్న చప్పుడు వినపడింది, కొయ్య విరిగినట్టు. అమ్మ తలెత్తింది. గూడు పైనున్న సిమెంటంతా ఒక్క పలకగా గోడను వదిలేసి ఆమె భుజాన్ని గీరుకుంటూ కింద పడి ముక్కలైంది. దీపం ఆరిపోయింది. వంటింట్లోంచి మా పెద్దమ్మ, అంటే పెదనాయన భార్య, పరిగెత్తుకొచ్చింది. దెబ్బ తగిలిందా అని ఎవరైనా అడుగుతారు. ఆమె అడిగింది, "ఏం చేసి పెట్టినావే? మైలతో ముట్టినావా ఏంది?" అని. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

లాంతరు తెచ్చి చూస్తే, సిమెంటు పోయిన చోట పాత ఎనామెల్ నామాలు తళతళలాడుతూ బయటపడ్డాయి. ఇంకేముంది, దేవుడు సిమెంటును తోసుకుని బయటికొచ్చాడన్నారు. వీధివీధంతా చూడ్డానికి వచ్చింది, టెంకాయలు కొట్టారు. దేవుడికి అంత కోపం ఎందుకొచ్చిందో అడిగినవాళ్లకు చెప్పడానికి పెద్దమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పడిన పెచ్చులన్నీ కొత్తగుడ్డలో మూటగట్టి కాలువలో కలిపి వచ్చారు. వాటిని తిప్పి చూసినవాళ్లు లేరు. జేజి ఒక్కతే అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని గీరుకుపోయిన భుజానికి పసుపు అద్దింది. ఆ చలికాలంలోనే జేజి మంచం పట్టింది, మళ్లీ లేవలేదు. అది కూడా అమ్మ లెక్కలోనే పడింది. ఆ రోజు నుంచి గూట్లో దీపం పెద్దమ్మ పెట్టింది. అమ్మ ఆ గదిలో గోడవారగా నడిచేది కాదు, మధ్యలోంచి నడిచేది. నాయన ఉన్నన్నాళ్లు కూడా ఎవరూ ఆమెకు మళ్లీ అగ్గిపెట్టె ఇవ్వలేదు. తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు తోడికోడళ్లు వెండి గిన్నెలు పంచుకుంటుంటే, అమ్మ జేజి శేరు ఒక్కటి అడిగి తీసుకుంది. ఈ రోజుకీ నంద్యాలలో మా ఇంట్లో బియ్యం కొలిచేది దానితోనే.

అమ్మ తప్ప పెద్దవాళ్లంతా పోయారు. నాయన వాటాకొచ్చిన ఆ ఇల్లూ అంగడీ ఇప్పుడు మా తమ్ముడు రమణవి. రంగులు కలిపేందుకు మిషన్ పెట్టాడు, పెదనాయన చెప్పిన మాటలే కంప్యూటర్ పక్కన కూర్చుని చెబుతుంటాడు. ఈ మధ్య ఒకరోజు అతని భార్య లలిత ఫోన్ చేసింది. "వదినా, మా బిడ్డ పావని పురిటికి వస్తాండాది. నడిమింట్లోనే కదా ఊయల కట్టేది. దేవుని గోడ కిందిభాగంలో సిమెంటు ఉబ్బి కడుపు లేసి ఉండాది, ఎప్పుడు పడుతుందో తెలీదు. బేల్దారిని పిలిపిస్తే మీ తమ్ముడు ముట్టనీయడం ల్యా. పైన తీగ వల కొట్టి పూసెయ్యి అంటాండాడు. నువ్వన్నా వచ్చి చెప్పు" అంది. నేను మెల్లగానే మాట్లాడాను. కానీ అమ్మ చెవులు చాటలు. ఫోన్ పెట్టేసరికి శేరును వైరుబుట్టలో పెట్టుకుని, మీద చీర కప్పుతోంది. "నేనూ వస్తా" అంది. ఆ గోడ దగ్గర ఎవరైనా పాత మాట ఎత్తితే ఈ వయసులో తట్టుకోలేదని భయం. బస్సు సిరివెళ్ల దాటేదాకా ఆమెను ఓరగా చూస్తూనే ఉన్నాను. ఆమె సీటుకు ఆనకుండా, బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మేం వెళ్లేసరికి బేల్దారి మాబాషా గోడను వేళ్ల కణుపులతో తట్టి చూపిస్తున్నాడు. ఖాళీ డబ్బా చప్పుడు. "అన్నా, నువ్వే ఊరందరికీ చెప్తావు. ఇది పీకి, రంగు గీకి, గాట్లు కొట్టకుంటే నిలబడదు. రేపు ఊయల మీద పడితే నన్నంటావు." రమణ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తెలుసప్పా. కానీ అది తోసుకోని బయటికొచ్చిన దేవుడు. పావని కడుపుతో ఉండాది. ఇప్పుడు నేను సుత్తి ఏపిస్తే, ఏమన్నా అయితే?" చిన్నప్పుడు విన్న మాట ఎంత లోతుకు దిగుతుందో చూడండి. మాబాషా తల గోక్కున్నాడు. "దేవున్ని మీరు తీస్కోండన్నా. అది నా పని కాదు. ఆయన పక్కకు పోతే గోడ నాది."

వాళ్లు మాట్లాడుతుండగానే అమ్మ గోడ దగ్గరికి పోయింది. నేను పట్టుకోబోయాను, విదిలించుకుంది. విరిగిన అంచున వదులుగా వేలాడుతున్న పెచ్చును పట్టుకుని లాగింది. అది ఎండిన బురద రేకులా ఊడి చేతికొచ్చింది. తిప్పి, వెనకవైపు బొటనవేలితో రాసి చూసింది. మళ్లీ మళ్లీ రాసింది.

"ఇది నున్నగుండాది కదరా. దీనికి గాట్లు పెట్టలేదా?"

"దేవుని గోడ కదమ్మా. పెదనాయన పెట్టనీల్యా అంట. నాయన చెప్పినాడు."

"మిగతా మూడింటికి?"

"వాటికి పెట్టినారు. అందుకే అవి రాయి మాదిరుండాయి."

అమ్మ ఆ పెచ్చు వైపే చూస్తూ, "నూనె రాసిన ఆకు మీద పూర్ణం బక్షం తట్టినట్ల. ఊడి రాక ఏమైతాది?" అంది. తర్వాత ఆమె నా వైపు తిరిగింది. పరీక్ష ఫలితం అడిగే పిల్లలా ఉంది ఆ ముఖం.

"అయితే నా చెయ్యి కాదా?"

"కాదమ్మా. నీ చెయ్యి కాదు. ఎప్పుడూ కాదు" అన్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆమెకు రాలేదు. రమణ వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఇంతకాలం ఆమె మనసులో అది ఉందని అతనికి తెలియదు. నాకు తెలుసు, కానీ ఇంత ఉందని తెలియదు. పెద్దమ్మ బతికి ఉంటే ఈ పెచ్చు తీసుకుపోయి ఆమె ముందు పెట్టేదాన్ని అన్నాను కోపంగా. అమ్మే ఆపింది. "పోనీలే. ఆమె గూడా భయపడింది పాపం. ఆ భయం యాడో ఒక తావున పెట్టుకోవాల గదా, నా మీద పెట్టింది" అంది. ఆ తర్వాత నామాల వైపు చూసి, "ఈయన గూడా ఎవురినీ తోయలేదు. ఉన్నచోటే ఉన్న్యాడు" అంది.

ఆపైన ఆమెను ఆపేవాళ్లు లేకపోయారు. స్నానం చేసి, లలితతో పసుపు తడిపించింది. మాబాషా తనకు తానే చెప్పులు తొడుక్కుని వాకిట్లోకి పోయాడు. అమ్మ ఎనామెల్ నామాల మీద పసుపు మందంగా పూసింది. కాసేపు ఆగి గుడ్డతో తుడిచి, ఆ పసుపును ముద్ద చేసింది. కింద నామాలు ఎప్పటిలాగే మెరుస్తున్నాయి, కానీ ఆమె వాటి వైపు చూడనే లేదు. శేరులో బియ్యం పోసి ముద్దను కూర్చోబెట్టి, "లేచి రా సామీ, ఇల్లు శుభ్రం చేసుకోవాల" అంది. జేజి గొంతే. ఇంత సులువైన పని ఇన్నేళ్లు ఎవరికీ ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాలేదు. రంగును దించాలనుకున్నారు గానీ, దించాల్సింది దేవుణ్ణి కదా. శేరును వంటింటి అలమారలో పెట్టి వచ్చి, "ఇప్పుడు ఉత్త గోడ. కొట్టు నాయనా" అని మాబాషాను పిలిచింది. అతను సుత్తీ ఉలీ తీసుకోగానే, "ఉండు, ఒక దెబ్బ నేనేస్తా" అంది. మాబాషా ఉలి పట్టుకుంటే సుత్తితో కొట్టింది. ఆకుపచ్చ రంగు మీద చిన్న తెల్లటి గాటు పడింది. కిసుక్కున నవ్వింది. మా అమ్మ అలా నవ్వగా నేను ఏనాడూ చూడలేదు.

ఆ తర్వాత పని పనిలా సాగింది. గుల్ల సిమెంటంతా పీకేశారు. రంగు ఎక్కడ వదులైతే అక్కడ గీకి, మిగిలిన చోట తిరగలికి కక్కు కొట్టినట్టు దగ్గరదగ్గరగా గాట్లు పెట్టారు. దుమ్ము తీగ బ్రష్షుతో దులిపి, గోడకు కడుపునిండా నీళ్లు పట్టించి, సిమెంటు పాలు చల్లి, అప్పుడు పూత వేశారు. తడి రాయి వాసన, సిమెంటు వాసన ఇల్లంతా కమ్ముకుంది. నాకైతే మా జేజి సున్నపు తొట్టి వాసన కంటే ఇదే బాగుందనిపించింది. పాతరోజులు బంగారమని రాసేవాళ్లంటే నాకు ఎప్పుడూ అనుమానమే. జేజి చల్లదనం ఆ రోజుల్లోదే, పెద్దమ్మ మాటా ఆ రోజుల్లోదే. ఇప్పుడు పావనికి నెలసరి వస్తే ఏ గదిలోకి పోవాలో చెప్పేవాళ్లు ఆ ఇంట్లో లేరు. అయినా మా తమ్ముడు ఆ గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. కొన్ని మెల్లగా పోతాయి, ఏం చేస్తాం. పోతున్నాయి కదా అని నాకు పెద్ద ఊరట.

పావనికి ఆడపిల్ల పుట్టింది. ఊయలలో వేసే రోజు మళ్లీ వెళ్లాం. గోడ బాగా ఆరి బూడిదరంగులో ఉంది, రంగు ఇంకా వేయలేదు. అమ్మ వచ్చీరాగానే పాపను ఒళ్లోకి తీసుకుని నడిమింట్లో కూర్చుంది. అలవాటుగా గది మధ్యలోనే కూర్చుంది. కాసేపటికి, ఎవరూ చెప్పకుండానే, పాపను పట్టుకుని కొద్దికొద్దిగా వెనక్కి జరిగింది. వీపు గోడకు తగిలింది. భుజాలు వదులు చేసింది, తల వెనక్కి వాల్చింది, కళ్లు మూసుకుంది. జేజి పిలిచి కూర్చోబెట్టిన చిన్నకోడలు నాకు అప్పుడు కనపడింది.

రమణ పసుపు గిన్నె తెచ్చి నిలబడ్డాడు. "అమ్మా, గోడ ఆరింది గదా. శేరులోంచి సామిని ఎక్కిద్దామా?"

అమ్మ కళ్లు తెరవలేదు. "ఉండనీరా కొంచేపు. ఇప్పుడే ఆనుకున్న్యా."